ఊ కొట్టే జనం, కొట్టుకునే వస్తాదులు

మా మేనల్లుడికి పన్నెండేళ్లు. మంగళవారం పొద్దున హన్మకొండలో బడి బస్సు వచ్చేలోపు వాడి పని ఒకటే. ఒక చేతిలో ఇడ్లీ ముక్క, ఇంకో చేతిలో ఫోను, ఫోన్‌లో రెజ్లింగ్. అమెరికాలో సోమవారం రాత్రి జరిగే 'రా' అనే రెజ్లింగ్ కార్యక్రమం మనకు సరిగ్గా ఆ వేళకే వస్తుంది. ఆ మధ్య మా నాన్న వాడి వెనక నిలబడి కాసేపు చూశాడు. "ఏందిరా ఇది, అంత ఉత్తుత్తి కొట్లాట. ముందుగాల్నే మాట్లాడుకొని కొట్టుకుంటరు" అన్నాడు. వాడు తల కూడా ఎత్తలేదు. "తెల్సు తాతా. ఎవ్వలు గెలుస్తరో గూడ రాసే పెట్టుకుంటరు. నువ్వు జర ఆగు, ఇప్పుడు ఆడొస్తడు."

వాడి వయసులో నాకు ఆ సంగతి తెలియదు. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో టెన్ స్పోర్ట్స్ వచ్చే ఇల్లు చూసుకుని అక్కడ చేరేవాళ్లం. జేబులో ట్రంప్ కార్డుల కట్ట, దాని చుట్టూ రబ్బరు బ్యాండు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ కొలత అన్నీ కంఠతా. అండర్‌టేకర్ అనే వస్తాదు ఏడుసార్లు చచ్చి మళ్లీ లేచాడని మా క్లాసులో ఒకడు ప్రమాణం చేసి చెప్పాడు. తర్వాత పెద్దయ్యాక కరీంనగర్ వాడిని అడిగినా, ఆదిలాబాద్ వాడిని అడిగినా వాళ్ల బడిలోనూ అదే కథ. ఎవరు పుట్టించారో గానీ, మన దేశంలో ఒక తరం పిల్లలంతా ఆ ఏడు చావులను నమ్మారు. ఇంటర్‌లో ఉండగా అదంతా ముందే అనుకుని చేస్తారని తెలిసింది. రెండు నెలలు చూడటం మానేశాను. తర్వాత మళ్లీ మొదలుపెట్టాను.

ఎందుకు మొదలుపెట్టానన్నది నాకే చాలాకాలం అర్థం కాలేదు. ఫలితం ముందే రాసిపెట్టిన పోటీలో ఉత్కంఠ ఎక్కడిది?

దీనికి జవాబు మన ఊళ్లలోనే ఉంది. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయినవాళ్లకు తెలుసు. డోలు దెబ్బ మొదలైతే ఒగ్గు కథ గంటలకొద్దీ నడుస్తుంది. మల్లన్న కథ అక్కడ కూర్చున్న ముసలమ్మకు కథకుడి కంటే బాగా తెలుసు. మేడలమ్మకు, కేతమ్మకు సవతి పోరు ఎలా నడుస్తుందో తెలుసు, చివరికి ఏమవుతుందో కూడా తెలుసు. అయినా కదలదు. ఎందుకంటే ఆమె 'ఏమవుతుంది' అని చూడటం లేదు, 'ఈసారి ఎలా చెప్తాడు' అని చూస్తోంది. కథకుడికి ఆమె ఊ కొట్టడం కావాలి. ఊ ఆగిందంటే కథ ఎక్కడో దారి తప్పిందని వాడికి తెలిసిపోతుంది. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో స్టోరీలైన్లు, ఏళ్లకేళ్లు సాగే పగలు నడిచేది ఈ లెక్క మీదే. రింగులో ఇద్దరు కనిపిస్తారు గానీ ఆ తగువులో మూడో మనిషి ఉంటాడు, ఊ కొట్టే ప్రేక్షకుడు.

అసలు ఇది మొదట్లో నిజం కుస్తీయే. నిజం కుస్తీతో చిక్కేమిటంటే, సమాన బలం ఉన్న ఇద్దరు పట్టు పట్టి నేలమీద పడుకుంటే గంటలు గడిచినా ఏమీ జరగదు. 1916 జులై 4న అమెరికాలోని ఒమాహాలో జో స్టెకర్, ఎడ్ 'స్ట్రాంగ్లర్' లూయిస్ తలపడ్డారు. ఎర్రటెండలో దాదాపు ఐదు గంటలు. చివరికి డ్రా. టికెట్టు కొన్నవాడి గతి ఏమైందో ఊహించుకోండి. 1920లలో అదే లూయిస్, అతని మేనేజర్ బిల్లీ శాండో, టూట్స్ మాండ్ట్ అనే ఇంకో మల్లుడు కలిసి ఈ ఆటను తిరగరాశారు. సమయానికి హద్దు పెట్టారు, చూడటానికి బాగుండే పట్లు, విసుర్లు చేర్చారు, ఎవరు ఎప్పుడు గెలవాలో ముందే అనుకోవడాన్ని ఒక పద్ధతిగా మార్చారు. కుస్తీ పోయి కుస్తీ కథ వచ్చింది.

ఆ రహస్యాన్ని కాపాడే కట్టుబాటుకు 'కేఫేబ్' అని పేరు. తిరునాళ్ల డేరాల్లో ఆటలాడే అమెరికన్ల దొంగభాష నుంచి వచ్చిందంటారు. దీని ప్రకారం రింగులో శత్రువులైనవాళ్లు బయట కూడా శత్రువులే. ఒకే హోటల్లో తినకూడదు, ఒకే బండిలో పోకూడదు. 1987లో న్యూజెర్సీలో పోలీసులు ఒక కారును ఆపారు. లోపల ఉన్నవాళ్లలో ఒకరు అమెరికా జెండా పట్టుకుని తిరిగే హీరో జిమ్ డగ్గన్, రెండో మనిషి ఇరాన్ నుంచి వచ్చిన విలన్ ఐరన్ షేక్. కథలో ఒకరి రక్తం ఒకరు తాగాలి. కారులో మాత్రం మత్తు పదార్థాలతో పక్కపక్కనే దొరికారు. కంపెనీ ఇద్దరినీ ఉద్యోగంలోంచి తీసేసింది. మత్తు కన్నా కలిసి ప్రయాణించడమే పెద్ద నేరమైందని రెజ్లింగ్ అభిమానులు ఇప్పటికీ నవ్వుకుంటారు.

రెండేళ్లకు కంపెనీయే ఆ ముసుగు తీసేసింది. 1989లో అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్, అంటే ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ, న్యూజెర్సీ సెనేట్ ముందు, మాది నిజమైన పోటీ కాదు, ప్రేక్షకుల వినోదం కోసం చేసే ప్రదర్శన అని ఒప్పుకుంది. సత్యం మీద ప్రేమతో కాదు. నిజం పోటీ అయితే రాష్ట్ర క్రీడా కమిషన్ నియమాలు, ఫీజులు, పన్నులు మీద పడతాయి. డబ్బు మిగులుతుందంటే ఏ రహస్యమైనా బయటికొస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత రెజ్లింగ్ చావలేదు. దాని బంగారు కాలం ఇంకా పదేళ్ల దూరంలో ఉంది.

ఇప్పుడు మన దగ్గరి నిజం కుస్తీ సంగతి చూడాలి, లేకపోతే తేడా తెలియదు. నిజామాబాద్, కామారెడ్డి వైపు ఊరి జాతరల్లో కుస్తీ పోటీలు పెడతారు. కొబ్బరికాయ పందెంతో పిల్లల కుస్తీ మొదలవుతుంది, చివరికి వెండి కడెం కోసం పెద్ద వస్తాదులు దిగుతారు. అక్కడ కథ అక్కర్లేదు. బరిలో దిగినవాడు మన ఊరి వాడా, పక్క ఊరి వాడా అన్నదే కథ. ఇంకా వింతైనది బోధన్ దగ్గర హున్సా ఊళ్లో హోలీనాడు ఆడే పిడిగుద్దులాట. తాడుకు అటొక గుంపు, ఇటొక గుంపు నిలబడి పిడికిళ్లతో గుద్దుకుంటారు. ముక్కులు పగులుతాయి. పోలీసులు వద్దంటారు, ఊరు ఆడుతుంది. ఆట ముగియగానే ఒకరినొకరు కౌగిలించుకుంటారు. కామదహనం బూడిద గాయాలకు రాసుకుని ఇళ్లకు పోతారు.

హున్సాలో దెబ్బలు నిజం, పగ లేదు. రెజ్లింగ్‌లో పగ ఉంది, దెబ్బలు చూసుకుని కొట్టుకునేవి. పగ లేని దెబ్బ ఆ ఊరికి ఆనవాయితీ. చూడటానికి వచ్చిన పరాయివాడికి మాత్రం రెండు నిమిషాల తర్వాత అన్ని గుద్దులూ ఒకేలా కనిపిస్తాయి. ఎందుకు కొడుతున్నాడో తెలిస్తేనే ప్రతి దెబ్బకూ వేరే బరువు వస్తుంది. ఆ 'ఎందుకు' తయారుచేయడమే స్టోరీలైన్ పని.

ఎలా తయారు చేస్తారు? మొదట ఇద్దరికీ పాత్రలు కావాలి. జనం మెచ్చేవాడు 'బేబీఫేస్', క్లుప్తంగా 'ఫేస్'. జనం తిట్టేవాడు 'హీల్'. ఈ కథలన్నీ అల్లి, ఎవరు ఎప్పుడు గెలవాలో తేల్చేవాడు 'బుకర్'. హీల్ హీరో నుంచి ఏదో ఒకటి లాక్కుంటాడు. ఛాంపియన్ బెల్టు కావచ్చు, స్నేహితుడు కావచ్చు, పరువు కావచ్చు. నిజాయితీగా లాక్కోడు. రిఫరీ అటు తిరిగినప్పుడు కుర్చీతో కొడతాడు, ఓడిపోబోయే సమయానికి తన మనుషులు లోపలికి దూకుతారు. ఇక్కడ హీరోకు వెంటనే న్యాయం దొరికితే కథ అక్కడితో సరి. దొరక్కూడదు. వారం వారం దగ్గరదాకా వచ్చి జారిపోవాలి. చూసేవాడి కడుపు మండాలి. ఈ మంటను వాళ్ల భాషలో 'హీట్' అంటారు, దాన్ని పుట్టించడమే హీల్ సంపాదించే కూలి.

బోనులో జరిగే మ్యాచ్ చూసి అది ఉత్త ఆర్భాటం అనుకునేవాణ్ని. అది కథకు జవాబని తర్వాత అర్థమైంది. మూడు నెలలుగా విలన్ తన మనుషుల అండతో గెలుస్తున్నాడు కాబట్టి, ఎవరూ లోపలికి రాకుండా ఇనుప కంచె కట్టారు. రిఫరీ కళ్లుగప్పి మోసం చేస్తున్నాడు కాబట్టి, ఏం చేసినా తప్పు కాదనే మ్యాచ్ పెట్టారు. ఊళ్లో పంచాయితీ ముదిరే కొద్దీ కూర్చునే చోటు మారుతుంది చూడండి, ముందు ఇంటి అరుగు, తర్వాత రచ్చబండ, ఆ తర్వాత పోలీస్ స్టేషన్. అదే వరస. ఏ కారణమూ లేకుండా మొదటి వారమే బోను దించితే అది నిజంగానే ఆర్భాటం. ఈమధ్య ఆ తప్పు ఎక్కువగానే చేస్తున్నారు.

మైకు పట్టుకుని మాట్లాడే భాగాన్ని 'ప్రోమో' అంటారు. చాలామంది దాన్ని దాటేసి కొట్లాటకు పోతారు. నన్నడిగితే సగం కుస్తీ అక్కడే ఉంది. మంచి విలన్ తాను విలన్ అనుకోడు. వాడి మాటల్లో ఎంతోకొంత నిజం ఉండాలి, విన్నవాడికి 'వీడు చెప్పేదీ కొంత కరెక్టే కదా' అని చురుక్కుమనాలి. మా నానమ్మ రోజూ రాత్రి సీరియల్ చూస్తూ అందులోని అత్తను "దీని నోట్ల మన్నువడ" అని తిట్టేది. ఆమెకు అది నటన అని తెలియక కాదు. ఆ అత్త చెప్పే కారణాలు ఆమె చూసిన అత్తలందరూ చెప్పిన కారణాలే కాబట్టి.

రింగు లోపల ఇంకో రకం కథ నడుస్తుంది. పడవేసేవాడి బలం కంటే పడేవాడి నైపుణ్యం ఎక్కువ. ఎత్తి విసిరే పట్టులో చాలాసార్లు విసిరించుకునేవాడే ఎగురుతాడు. తగిలిన దెబ్బను పెద్దదిగా చూపించడాన్ని 'సెల్' చేయడం అంటారు. మోకాలికి దెబ్బ తగిలితే పది నిమిషాల తర్వాత కూడా ఆ కాలు ఈడ్చాలి, గెలిచే సమయంలో ఆ మోకాలే మోసం చేయాలి. అంటే శత్రువు బాగా పడితేనే నువ్వు బలవంతుడివి. తన మెడను ఎదుటివాడి చేతుల్లో పెట్టాలి కాబట్టి, పెద్ద పగలు ఎక్కువగా ఒకరినొకరు బాగా నమ్మేవాళ్ల మధ్యే పండుతాయి.

అలాగని నొప్పి లేదనుకోవద్దు. కాన్వాసు కింద చెక్కలు, పల్చటి ఫోము, అంతే. 1998 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో మిక్ ఫోలీ పదహారు అడుగుల బోను మీదినుంచి వ్యాఖ్యాతల బల్ల మీద పడ్డాడు. 2022 జూన్‌లో కోడీ రోడ్స్ ఛాతీ కండరం తెగిపోయి, కుడి ఛాతీ అంతా నేరేడు పండు రంగుకు తిరిగినా సెత్ రోలిన్స్‌తో పూర్తి మ్యాచ్ ఆడాడు. రోలిన్స్ ఆ గాయం మీదే కొడుతుంటే స్టేడియం మొత్తం విలవిల్లాడింది. 1999 మే 23న ఓవెన్ హార్ట్ పైకప్పు నుంచి తాడుతో దిగబోయి పడి చనిపోయాడు. అది కథలో లేదు. హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది మొదట కథే అనుకున్నారు. ఈ వినోదం గురించి ఎంత ఇష్టంగా రాసినా ఆ రోజు దగ్గర కలం ఆగుతుంది.

డబ్బు సంగతి చెప్పకుండా పగల సంగతి పూర్తి కాదు. 1948లో నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ ఏర్పడ్డాక అమెరికాను నిర్వాహకులు ప్రాంతాలుగా పంచుకున్నారు. ఒక్కో ప్రాంతంలో అవే నాలుగైదు ఊళ్లు, అవే హాళ్లు. ఈ వారం వచ్చినవాడు మళ్లీ రావాలంటే ఈ వారం తగువు తెగకూడదు. పగ అంటే వచ్చే ఆటకు వేసే పోస్టర్. 1985లో ఏడాదికోసారి జరిగే పెద్ద పండుగ రెజిల్‌మేనియా మొదటిసారి వచ్చింది, ఆ తర్వాత ఇంట్లో కూర్చుని డబ్బు కట్టి చూసే పద్ధతి పెరిగింది. నెలల తరబడి టీవీలో ఉచితంగా పెంచిన పగకు ముగింపు మాత్రం డబ్బులకే. ఇప్పుడు ఆ టికెట్టు లెక్క కూడా మారింది. 'రా' కోసం నెట్‌ఫ్లిక్స్ పదేళ్లకు 500 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో కూడా అక్కడే వస్తోంది. ప్రతి సోమవారం చందాదారుణ్ని కూర్చోబెట్టాలి. కథ తెగకూడదన్న అవసరం మాత్రం పాతదే.

ఇక అసలైన ముడి. రాసేవాడు ఒకటి రాస్తే జనం ఇంకొకటి అంటే?

2014లో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు తిరిగొచ్చిన బటిస్టాను చాలామంది ఒకే రింగులో తలపడే 'రాయల్ రంబుల్' గెలిపించి, రెజిల్‌మేనియాలో పెద్ద మ్యాచ్‌కు పంపాలనుకున్నారు. జనానికి కావలసింది డేనియల్ బ్రయన్. పొట్టిగా, గడ్డంతో, మన పక్కింటి వాడిలా ఉండే మనిషి. హీరోగా వచ్చిన బటిస్టాను జనం వారాలపాటు అరుపులతో ముంచేశారు. చివరికి కథ మార్చక తప్పలేదు. ఏప్రిల్ 6న బ్రయన్ ఒకే రాత్రి రెండు మ్యాచ్‌లు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడు జనవరిలో ఫిలడెల్ఫియాలో రోమన్ రెయిన్స్‌ను రాయల్ రంబుల్ గెలిపించారు. జనం ఒప్పుకోలేదు. అతని బంధువు, సినిమా స్టార్ ది రాక్ వచ్చి చేయి పైకెత్తినా ఈలలు ఆగలేదు, తిట్లు ఆగలేదు. రాక్ అటూ ఇటూ చూసిన ఆ అయోమయపు చూపు నేను ఎప్పుడు గుర్తుచేసుకున్నా నవ్వొస్తుంది. పెద్ద నిర్మాత కొడుకుని హీరోగా పెట్టి ఊరంతా కటౌట్లు కట్టినా మార్నింగ్ షోకే జనం లేచిపోయినట్టు.

ఐదేళ్లు మొండిగా హీరోగానే నడిపించారు. 2020 ఆగస్టులో ఆ పట్టు వదిలి రెయిన్స్‌ను విలన్ చేశారు. మంచివాడు చెడ్డవాడు కావడాన్ని, చెడ్డవాడు మంచివాడు కావడాన్ని 'టర్న్' అంటారు. ఈ ఒక్క టర్న్‌తో ఈ తరంలోనే పెద్ద కథ పుట్టింది. దాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్లకు వివరణ అక్కర్లేదు. అది ఉమ్మడి కుటుంబం కథ. సమోవన్ మూలాలున్న వంశం. ఆ వంశానికి తానే పెద్ద అని చెప్పుకునే రెయిన్స్. తమ్ముళ్ల వరసయ్యే జిమ్మీ, జే ఊసోలు. పెద్దాయన అందరినీ 'నన్ను ఒప్పుకో' అంటాడు. మొదట ఎదురుతిరిగిన జే, అన్న జిమ్మీని కాపాడుకోవడానికి తలవంచుతాడు. తర్వాత ఆ ఇంట్లోకి పరాయివాడు శామీ జేన్ నౌకరులా చేరి, అందరినీ నవ్విస్తూ నెమ్మదిగా ఇంటివాడవుతాడు.

2023 జనవరి 28న శామీ చేతికి కుర్చీ ఇచ్చి, నీ పాత స్నేహితుడు కెవిన్ ఓవెన్స్‌ను కొట్టు అన్నాడు రెయిన్స్. శామీ ఆ కుర్చీతో రెయిన్స్ వీపు మీదే కొట్టాడు. ఒక్క కుర్చీ దెబ్బ. అలాంటివి ప్రతి వారం పది చూస్తాం. ఆ ఒక్క దెబ్బకు అంత పెద్ద స్టేడియం ఎందుకు దద్దరిల్లిందంటే దాని వెనక తొమ్మిది నెలల నవ్వులు, అవమానాలు, ఒక స్నేహం ఉన్నాయి. కోపం ఎవరికి ఎందుకొచ్చిందో ఒక్కరికీ చెప్పక్కర్లేకపోయింది. జే తన వాళ్లతో కలిసి శామీని కొట్టకుండా, రింగు దిగి ఒంటరిగా నడిచి వెళ్లిపోయాడు. స్టోరీలైన్ అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఆ పది నిమిషాలు చూపిస్తాను.

అదే రెయిన్స్‌కు ఎదురుగా కోడీ రోడ్స్ వచ్చాడు. అతని తండ్రి డస్టీ రోడ్స్ గొప్ప వస్తాదు, కానీ ఈ కంపెనీ పెద్ద బెల్టు ఎన్నడూ గెలవలేదు. 1977లో ఒకసారి మ్యాచ్ గెలిచినా, ఎదుటివాడు రింగు బయట ఉండిపోవడం వల్ల గెలిచాడు కాబట్టి నియమం ప్రకారం బెల్టు రాలేదు. నాయిన బాకీ కొడుకు తీర్చడం. 2023లో కోడీ ఓడిపోయాడు. 2024లో రాక్ వచ్చి ఆ చోటు తాను తీసుకోబోతే జనం మళ్లీ తిరగబడ్డారు, మళ్లీ కథ మారింది, ఆ తిరుగుబాటును కూడా కథలోకి లాగి రాక్‌నే విలన్ చేశారు. 2024 ఏప్రిల్ 7న కోడీ గెలిచాడు, రెయిన్స్ 1,316 రోజుల ఏలుబడి ముగిసింది. జరిగింది ఎక్కడో తెలుసా? ఫిలడెల్ఫియాలోనే.

కథ అదుపు తప్పి నిజమైన రోజు కూడా ఒకటుంది. 1997 నవంబర్ 9, మాంట్రియల్. ఛాంపియన్ బ్రెట్ హార్ట్ కంపెనీ వదిలి పోటీ కంపెనీకి పోతున్నాడు. బెల్టు వదలాలి, కానీ తన కెనడా గడ్డ మీద, తనకు నిజంగానే పడని షాన్ మైకేల్స్ చేతిలో ఓడిపోనన్నాడు. మ్యాచ్ గొడవతో తేలకుండా ముగుస్తుందని అతనికి చెప్పారు. మధ్యలో, బ్రెట్ పట్టునే బ్రెట్ మీద మైకేల్స్ వేసినప్పుడు, యజమాని విన్స్ మెక్‌మాన్ రింగు పక్కకొచ్చి గంట కొట్టించాడు. బ్రెట్ ఓటమి ఒప్పుకోలేదు, అయినా ఓడిపోయాడు. రింగులోంచి యజమాని మొహం మీద ఉమ్మేశాడు, తర్వాత లోపల గదిలో పిడికిలితో కొట్టాడు. అది నిజం దెబ్బ.

మెక్‌మాన్ తెలివి అంతా ఆ తర్వాత కనిపిస్తుంది. దేశమంతా తనను నిజంగా అసహ్యించుకుంటోందని గ్రహించి, ఆ అసహ్యాన్ని వృథా పోనివ్వలేదు. తానే దుర్మార్గపు యజమానిగా వేషం కట్టాడు. ఎదురుగా స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్, మాట వినని ఉద్యోగి. యజమాని చెంప పగలగొట్టాలని మనసులో అనుకోని పనివాడు ఎక్కడైనా ఉంటాడా? పరకాల రైస్ మిల్లులోనైనా, అమెరికా కార్ల ఫ్యాక్టరీలోనైనా? 1998 ఏప్రిల్ 13న ఈ ఇద్దరి మధ్య మ్యాచ్ అని ఊరించిన రాత్రి, 83 వారాలుగా టీవీ రేటింగుల్లో ముందున్న పోటీ కార్యక్రమం 'నైట్రో'ను 'రా' దాటేసింది. అంతా ఉత్తుత్తి అని కంపెనీ సెనేట్‌లో చెప్పి అప్పటికి తొమ్మిదేళ్లు.

ఈ కథలకు ఒక మురికి పక్క ఉంది. హీట్ కావాలంటే తేలిక దారి పరదేశిని విలన్ చేయడం. ఐరన్ షేక్ అలాగే పుట్టాడు. మనవాళ్లనూ వదల్లేదు. 2006 ఏప్రిల్‌లో గ్రేట్ ఖలీని అండర్‌టేకర్ మీదికి వదిలిన రాక్షసుడిగా దించారు. మాటలు రాని, అర్థంకాని అరుపులు అరిచే భారీకాయం. అక్కడ జనం భయపడాలని రాసిన పాత్రను ఇక్కడ మేం నెత్తిన పెట్టుకున్నాం. 2007 జులైలో అతను ప్రపంచ ఛాంపియన్ అయితే మా వీధిలో మిఠాయి పంచారు. 2017లో జిందర్ మహల్‌ది కూడా అదే పరిస్థితి. కెనడాలో పుట్టిన పంజాబీ. అమెరికా జనాన్ని రెచ్చగొట్టడానికి తలపాగా చుట్టి, తన మనుషులను వెంటేసుకొచ్చే విలన్ వేషం. అదే ఏడు డిసెంబర్‌లో ఢిల్లీలో అతన్ని ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించారు. ఒకే వేషానికి ఒక గడ్డ మీద తిట్లు, ఇంకో గడ్డ మీద హారతులు. మన చూపుకు ఇదేం కొత్త కాదు, 1950లు, 60లలో దారా సింగ్ మీదికి కింగ్ కాంగ్ అనే వస్తాదును విదేశీ భూతంలా దించి టికెట్లు అమ్మింది మనమే.

ఇప్పటి పిల్లలకు దాచడానికి ఏ రహస్యమూ మిగల్లేదు. ఎవరి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో, ఎవరికి నిజంగా గాయమైందో మా మేనల్లుడికి ముందే తెలుసు. అలాంటివాణ్ని కూడా ఆశ్చర్యపరిచింది ఒక్కటి చూశాను. 2025 మార్చి 1న టొరంటోలో జాన్ సీనా విలన్ అయ్యాడు. ఇరవై ఏళ్లకు పైగా పిల్లల దేవుడు, 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గచ్చిబౌలికి వచ్చినప్పుడు వరంగల్ నుంచి బస్సులెక్కి పోయి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు మావాళ్లు. ఆ సీనా కోడీని కౌగిలించుకుని, రాక్ సైగ చేయగానే దెబ్బ కొట్టాడు. మావాడు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదని మా అక్క ఫోన్ చేసింది. "ఆడు గట్ల చేస్తడా మామా?" అని వాడి ఏడుపు గొంతు.

మొదలు అంత బాగుంది గానీ కథ మాత్రం నిలబడలేదు. సీనా ఆ ఏడాదితో రిటైర్ అవుతానని ముందే ప్రకటించి ఊరూరా వీడ్కోలు తీసుకుంటున్నాడు. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన జనాన్ని తిట్టమంటే ఎవరు తిడతారు? ఏ ఊళ్లో అడుగుపెట్టినా పాట పాడి చేతులూపారు. ఈ చెడుకు మూలమైన రాక్ రెజిల్‌మేనియాకు రానే లేదు. ఎందుకు అమ్ముడుపోయాడో, ఎవరికి అమ్ముడుపోయాడో తేలలేదు. ఊ కొట్టేవాళ్లు కరువయ్యారు. ఆగస్టు మొదటికల్లా సీనా మళ్లీ మంచివాడైపోయాడు. ఎందుకు మారాడో ఒక్క మాటలో తేల్చేశారు, ఐదు నెలల ద్రోహానికి ఆ కారణం చాలదని నా ఫిర్యాదు. మేనల్లుడికి ఫోన్ చేసి అదే అన్నాను. "పోనీ మామా, మంచిగైండు గదా" అని వాడు బడి బస్సు ఎక్కేశాడు.